పందొమ్మిది శాతం

శ్రీనివాసులు కరెంటు కారు కొన్న పదకొండో రోజుకే పత్తికొండ టమాటా మార్కెట్లో దానికి మూడు పేర్లు పడ్డాయి. బొమ్మకారు, మూగెద్దు, మిక్సీ. చివరి పేరు మండీ సుబ్బయ్య పెట్టింది. అదే నిలిచింది. కారు గేటులోకి రావడం ఆలస్యం, గంపల మధ్య నుంచి ఎవడో ఒకడు "మిక్సీ వచ్చెరా, చట్నీకి టెంకాయ తీయండి!" అని అరిచేవాడు.

స్టీరింగు ముందు కూర్చున్న మద్దిలేటి పైకి మొహం ముడుచుకునేవాడు. లోపల మాత్రం ఆ నవ్వులు వింటే చల్లగా ఉండేది. ఇరవై రెండేళ్లుగా డీజిలు బండ్లు తోలిన మనిషి. ఇంజను దగ్గు విని ఎక్కడ రోగమో చెప్పగలడు. ఈ బండిలో వినడానికేమీ లేదు. దాన్ని ఎంచిపెట్టింది సారు కొడుకు నవీన్. బెంగళూరు నుంచి వచ్చి, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చుట్టూ రెండుసార్లు తిప్పి, "క్లచ్చు లేదు, గేర్లు లేవు. నువ్వే తోలుకోవచ్చు నాయనా. దీనికి డ్రైవర్ దండగ" అన్నాడు. మద్దిలేటి అప్పుడు పక్కనే బక్కెట్టు పెట్టుకుని అద్దాలు తుడుస్తున్నాడు. తండ్రీకొడుకులు ఇద్దరూ అతని వైపు చూడలేదు.

బుధవారం పొద్దున మార్కెట్లో మాట ముదిరింది.

"ఏం సీనప్పా, ఎండకు బ్యాటరీ పేలిపోతాదంట గదా? మా అల్లుడు ఫోన్లో సూపిచ్చినాడు" అన్నాడు సుబ్బయ్య.

"నీ అల్లుడు ఫోన్లో ఏమేమో సూస్తాడు లేప్పా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సుబ్బయ్యకు ఆ నవ్వు గుచ్చుకుంది. "సరేప్పా, పేలదు. రేపు మంత్రాలయం పోయి రా సూద్దాం, దావలో యాడా కరెంటు తగిలీకుండ. పోయొచ్చినావంటే నా మీసం ఈ గంపల మధ్యనే గొరిగిచ్చుకుంటా. నూక్కోని వచ్చినావంటే నీ మీసం. సరేనా?"

శ్రీనివాసులు మీసం మీదికి చెయ్యి పోనిచ్చాడు. నెలకు రెండుసార్లు రంగేసి, రోజూ పొద్దున్నే దువ్వెనతో మెలిదిప్పే మీసం అది. "రేపు గురువారమే. స్వామి దర్శనమూ అయితాది, నీ మీసమూ పోతాది" అన్నాడు.

గురువారం తెల్లవారుతూనే బయలుదేరారు. వెనక సీట్లో శ్రీనివాసులు, భార్య కృష్ణవేణమ్మ. ముందు సీట్లో, మద్దిలేటి పక్కన, వంటమనిషి హులిగెమ్మ. నదిలో స్నానాలప్పుడు బట్టలూ సామాన్లూ చూసుకోవడానికి అమ్మ రమ్మంది. కారులో ముందు సీటు ఎక్కడం ఆమెకు ఇదే మొదటిసారి. ఎక్కేముందు చెప్పులు విడిచి, ఒకదానికొకటి కొట్టి దుమ్ము దులిపి, కవర్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఒళ్లు చేసిన మనిషి కావడంతో బెల్టు పెట్టుకోవడం చేతకాలేదు. మద్దిలేటే వంగి బిగించాడు.

"నూనె ల్యాకుండ ఎట్ల పోతాదన్నా ఇది?" అనడిగింది మెల్లగా.

"నాకేం తెలుసు తల్లీ. పోయినంత దూరం పోతాది."

హులిగెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పదిహేడేళ్లుగా ఆ ఇంటి వెనక వసారాలో రోజూ పొద్దున అతనికి ఉగ్గాని పెట్టి, మీద ఇంకో బజ్జీ వేసే చెయ్యి ఆమెది. కర్నూలులో బట్టలంగట్లో పనిచేసే ఆమె కూతురు సుజన అతన్ని మామా అని పిలుస్తుంది.

ఊరు దాటాక మద్దిలేటి స్టీరింగు పక్కనున్న చిన్న బొత్తాం నొక్కాడు. అది నొక్కితే బండి ఉరుకుతుంది, చార్జి కరిగిపోతుంది. కారు అప్పగించిన రోజు కంపెనీ మనిషి ఆ సంగతి అతనికి ఒక్కడికే విడమరిచి చెప్పాడు. నవీన్ అప్పుడు ఫోన్లో ఉన్నాడు, సారు కొబ్బరికాయ కొట్టే పనిలో ఉన్నాడు. మద్దిలేటి దారి పొడుగునా ఖాళీ రోడ్డు మీద కూడా దూకించి, బ్రేకు వేసి, మళ్లీ దూకించాడు. ఏసీ చివరిదాకా తిప్పాడు. తిరుగుదారిలో బండి ఎక్కడో ఒకచోట చాలించుకోవాలి. ఆదోనిలో తీగ తగిలించి గంటసేపు పడి ఉండాలి. సారు మీసం పోవాలి, ఆ మంటలో మళ్లీ డీజిలు బండి రావాలి. అంతకు మించి అతను ఏమీ కోరలేదు.

మంత్రాలయంలో దర్శనం తొందరగానే అయింది. కృష్ణవేణమ్మ ఇంట్లో పూజకని అయిదు లీటర్ల క్యాను నిండా తుంగభద్ర నీళ్లు పట్టించింది. హులిగెమ్మ దాన్ని మెట్ల మీద నుంచి చంకనెత్తుకుని తెచ్చి, ఎవరి కాళ్లూ తగలకుండా తన సంచిలో పెట్టుకుని కూర్చుంది. తిరిగి ఆదోని చేరేసరికి పన్నెండున్నర. బయట ఎండ నలభై మూడు డిగ్రీలని బండే చూపిస్తోంది.

"ఈడ అరగంట చార్జింగు పెడ్దామా సార్?" అనడిగాడు మద్దిలేటి.

"పెట్టి, సుబ్బయ్యగానికి మీసం ఇచ్చేద్దామా? ఏసీ బంద్ చెయ్యి. పోనీ."

అద్దాలు దించారు. పొయ్యి ముందు కూర్చున్నట్టు గాలి కొట్టింది. పత్తి కట్టెలు పీకేసిన నల్లరేగడి చేలు రెండు వైపులా నెర్రెలిచ్చి ఉన్నాయి. చెట్టన్నది లేదు. ఊరు దాటి పది కిలోమీటర్లు పోయాక శ్రీనివాసులు ముందుకు వంగాడు. దగ్గరి అంకెలు అతనికి ఆనవు.

"ఎంత సూపిస్తాందిరా?"

"యాభై నాలుగు పోతాదంటాది సార్. మనకింకా ముప్పై ఎనిమిది ఉండాది."

"పదారు మిగుల్తాది గదా మరి?"

"మిగల్దు సార్. ఆస్పరికి ఇవతల ఎక్కుండాది. ఎక్కులో చార్జి సర్రున దిగిపోతాది. బండ్లో బరువు గూడా ఉండాది."

ఆ ఎక్కు ఎద్దులబండి కూడా ఆగకుండా ఎక్కే ఎక్కు. వెనక్కి తిప్పి ఆదోని పోదామంటాడనుకునే మద్దిలేటి ఆ మాట అన్నాడు.

శ్రీనివాసులు మీసం నిమురుకుంటూ కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తరువాత ముందు సీటు మీదుగా కనిపిస్తున్న హులిగెమ్మ భుజాలను చూశాడు.

"పక్కకు పెట్టు బండి."

పెట్టాడు.

"హులిగెమ్మా, నువ్వీడ దిగుకో."

ఏదో పని చెబుతున్నాడనుకుని ఆమె బెల్టు తీసుకోబోయింది. "ఏం తేవల్ల సార్?"

"ఏం తేవద్దు. ఎనక బస్సు వస్తాది, ఎక్కి రా."

కృష్ణవేణమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఈ ఎండలోనా? ఆస్పరిలో దించుదాం లే."

"ఆస్పరిదాంక పోతే గదా! ముందర ఎక్కుండాదని వీడు చెప్తాంటే వినపళ్ళేదా నీకు?"

మద్దిలేటి నోరు తెరిచాడు. సరిపోతుంది సార్, మనిషిని దించొద్దు అని చెప్పాలి. మరి ఇప్పటిదాకా చెప్పిందేమిటని అడుగుతాడు. బొత్తాం సంగతి చెప్పాలి. అతను వంగి, హులిగెమ్మ బెల్టు ఊడదీశాడు. అంతే చేశాడు.

ఆమె దిగింది. తారు కాలుతుంటే ఒక కాలి మీద నిలబడి కవర్లోంచి చెప్పులు తీసి వేసుకుంది. కృష్ణవేణమ్మ కిటికీలోంచి సగం తాగిన నీళ్ల బాటిలు అందించింది. "ఆ సంచి గూడా తీసుకోని పోనీ, అదొక అయిదారు కేజీలుండాది" అన్నాడు శ్రీనివాసులు. హులిగెమ్మ సంచి తీసుకుంది. క్యాను జాగ్రత్త అని చెప్పింది కృష్ణవేణమ్మ. అట్లనే అమ్మా అంది హులిగెమ్మ.

ఆమెకు కోపం వచ్చినట్టు లేదు. తనను ఎందుకు దించారో అర్థమైనట్టు మాత్రం ఉంది. కొంగు తల మీదుగా లాక్కుని, కడుపు మీదికి కప్పుకుని, కారు కదులుతుంటే ఒక అడుగు వెనక్కి వేసి దారిచ్చింది. అద్దంలో చాలాసేపు కనిపించింది. తరువాత ఎండమావిలో కలిసిపోయింది.

మద్దిలేటి బొత్తాం తీసేశాడు. తీయగానే యాభై నాలుగన్న అంకె తొంభై దాటింది. మెత్తగా తోలాడు. ఎక్కు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో వెనకున్నవాళ్లకు తెలియనే లేదు.

రెండు గంటలకు మార్కెట్లో దిగారు. శ్రీనివాసులు ముందు సీటు దగ్గరికి వచ్చి కళ్లజోడు పెట్టుకుని చూసి కేక పెట్టాడు. పందొమ్మిది శాతం. ఇంకా అరవై ఒక్క కిలోమీటర్లు పోతుందని చూపిస్తోంది. "సూడండ్రా! సూసుకోండి!" అంటూ ఫోన్ తీసి ఫోటో కొట్టి స్టేటస్ పెట్టాడు. మంగలిని పిలిపించారు. సుబ్బయ్యను గంపల మధ్య స్టూలు మీద కూర్చోబెట్టారు. మిక్సీ అని అరిచిన నోళ్లే ఈలలు వేశాయి. ఎవరో జిలేబీ పొట్లం తెచ్చి మద్దిలేటి చేతిలో పెట్టారు.

"సార్, నేనొకసారి ఎనక్కి పోయొస్తా. హులిగెమ్మ..."

"బస్సుకొచ్చింటాది లేరా. నువ్వు యాడికీ పోవద్దు. ఊరంతా ఒక రౌండు తిప్పల్ల."

ఊరంతా తిప్పాడు. శ్రీనివాసులు ముందు సీట్లో మోచెయ్యి బయటికి పెట్టి కూర్చున్నాడు. బస్టాండు ముందు పోతున్నప్పుడు మద్దిలేటి కళ్లతో వెదికాడు. ఆదోని బస్సు రాలేదని, మధ్యలో చెడిపోయిందని అక్కడి సోడాబండి మనిషి చెప్పాడు. అప్పటికి నాలుగు కావస్తోంది.

కారు ఇంటి ముందు పెట్టి, సారును అడక్కుండానే తెలిసినవాళ్ల మోటారుసైకిలు తీసుకుని పోయాడు.

దించిన చోట లేదు. ఆస్పరి వైపు నాలుగు కిలోమీటర్లు నడిచింది. కల్వర్టు దగ్గర ఒక తుమ్మచెట్టు ఉంది. దాని కింద గొర్రెల కాపరులు ఇద్దరు ఆమెను పడుకోబెట్టి, కండువా తడిపి మొహం మీద వేశారు. ఒళ్లు కాలిపోతోంది. చెమట లేదు. చెప్పు ఒకటే ఉంది. పక్కన సంచి నిలబెట్టి ఉంది. సంచిలో క్యాను నిండుగా ఉంది. మూత మీద మంత్రాలయంలో చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది.

"ఆ నీళ్లు తాపిద్దామంటే ఇయ్యలేదప్పా" అన్నాడు పెద్ద కాపరి. "అమ్మోళ్ల పూజ నీళ్లంట. శానా గట్టిగ పట్టుకునింది. మా సొరకాయ బుర్రలో నీళ్లే రోంత పోసినాం."

మద్దిలేటి టేపు పీకి ఆ నీళ్లన్నీ ఆమె తల మీద, గుండెల మీద పోశాడు. ఆమె కళ్లు తెరిచింది. అతన్ని గుర్తుపట్టిందో లేదో.

"నేను అంత బరువా అన్నా?" అంది.

అంబులెన్సుకు ఫోన్ చేశాడు. వచ్చేలోపల కృష్ణవేణమ్మ నుంచి ఫోన్ వచ్చింది. హులిగెమ్మ దొరికింది, ఒళ్లు బాగలేదు అని చెప్పాడు. అయ్యో అని, "నీళ్ల క్యాను ఉండాదా?" అని అడిగింది. మద్దిలేటి ఫోన్ పెట్టేశాడు.

కర్నూలు పెద్దాసుపత్రిలో హులిగెమ్మ ఇంకా ఒకటిన్నర రోజు బతికింది. మళ్లీ మాట్లాడలేదు. సుజన అంగట్లోంచి అట్లే, మెడలో కొలిచే టేపుతోనే పరిగెత్తుకొచ్చింది. తల్లి అరికాళ్ల బొబ్బల మీద ఈగలు వాలకుండా అట్టముక్కతో విసురుతూ కూర్చుంది. మద్దిలేటి బయట వరండాలో కూర్చున్నాడు. ఆమె రెండుసార్లు బయటికి వచ్చి అతనికి టీ తెచ్చి ఇచ్చింది. "నువ్వు పోకపోయింటే మాయమ్మ ఆడనే పడుండేది మామా" అంది రెండోసారి. టీ చేతిలో ఉండగానే చల్లారింది.

శనివారం తెల్లవారుజామున హులిగెమ్మ పోయింది.

శవం కంటే ముందు మాట ఊరు చేరింది. కరెంటు కారు మనిషిని మింగింది. మీసం లేని సుబ్బయ్య ఆ మాటను మండీ మండీకి తిప్పాడు. బరువు మోయలేక మనుషుల్ని పడేసే బండంట. అట్లాంటి బండి బుక్ చేసినవాళ్లు ఇద్దరు వద్దన్నారంట. మద్దిలేటి ఇంటికి పోయి మొహం కడుక్కుని సారు ఇంటికి వెళ్లాడు. కృష్ణవేణమ్మ బయటికి రాలేదు. శ్రీనివాసులు వసారాలో నిలబడి ఉన్నాడు, మొహం వాడిపోయి ఉంది.

"ఆ బండి ఇంక ఇంట్లో వద్దంటాంది మీయమ్మ. అమ్మేస్తా. మళ్లా డీజిలు బండే తీసుకుందాం. మొదట్నుంచి నువ్వన్నదే నిజమయ్యరా" అన్నాడు.

మద్దిలేటి గోడకు ఆనుకున్నాడు. కోరుకున్నది వచ్చింది.

పదకొండు గంటలకు హులిగెమ్మ ఉండే కేరి వీధివాళ్లు శవాన్ని తెచ్చి గేటు ముందు దించారు. యాభై అరవై మంది ఉన్నారు. సుజన ఏడవడం లేదు. గేటు పట్టుకుని నిలబడి, ఫోన్ పైకెత్తి చూపించింది. శ్రీనివాసులు పెట్టిన స్టేటస్ ఫోటో అది.

"పందొమ్మిది శాతం ఉండాది. ఇంకా అరవై కిలోమీటర్లు పోతాదని దీంట్లోనే ఉండాది. మరి మాయమ్మనెందుకు దించినావు సార్? సరదాకా?"

శ్రీనివాసులు జనాన్ని చూశాడు. "నాకేం తెలుసమ్మా? నాకు ఆ అంకెలు కనపడవు. రాదు, బరువెక్కువుండాది అని డ్రైవర్ చెప్పినాడు. అడగండి వాణ్ణి. రేయ్ మద్దిలేటీ, నువ్వే గదా చెప్పింది? చెప్పు, అందరి ముందర చెప్పు!"

జనమంతా తిరిగారు. మద్దిలేటి వసారా మెట్లు దిగి వచ్చాడు. పాడె పక్కన నిలబడ్డాడు. రెండు రోజులుగా లోపల దాచుకున్నది ఇప్పుడు కక్కెయ్యాలనిపించింది.

"అవును. నేనే చెప్పినా. చార్జింగు ఉండాది. సరిపోతాదని నాకు తెలుసు. అబద్ధం చెప్పినా."

వెనక నుంచి ఒక ముసలాయన, "పాపం, అంతకంటే ఏం చెప్తాడప్పా. ఆయప్ప తిండి తినల్ల గదా వాడు" అన్నాడు. జనం గుసగుసలాడారు. గుసగుసలు కేకలయ్యాయి.

"డ్రైవర్ మీదికి తోస్తాండావా? సిగ్గులేదా?"

"వాడు ఆ యమ్మ కోసరం బండి మీద ఉరికినోడు!"

"సారూ, నిజం చెప్తాండా..." అని మద్దిలేటి అరిచాడు. ఎవరినుద్దేశించి అరుస్తున్నాడో అతనికే తెలియలేదు. సుజన వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"చాలు మామా. చెప్పమన్నాడు, చెప్పినావు. నీ బతుకు నాకు తెలీదా? ఇంక నువ్వు నోరెత్తొద్దు." శ్రీనివాసులు వైపు తిరిగి, కారు బానెట్ మీద ఉమ్మేసింది. శ్రీనివాసులు నిజంగా ఆశ్చర్యపోయిన మొహంతో నిలబడిపోయాడు. బతుకులో అతను ఎన్ని అబద్ధాలు చెప్పాడో, అన్నీ నమ్మారు. ఈ ఒక్క నిజం ఎవరూ నమ్మలేదు.

పెద్దమనుషులు వచ్చి ఏవేవో మాట్లాడి, మధ్యాహ్నానికి శవాన్ని లేపించారు. పాడె ముందు కొమ్ము పట్టడానికి మద్దిలేటిని పిలిచారు. వద్దన్నాడు. వినలేదు. అతని భుజం మీద పెట్టారు. ఆడవాళ్లు కొంతదూరం వచ్చి ఆగిపోయారు. సుజన ఆగలేదు, అతని పక్కనే నడిచింది. దారిలో చెమట కళ్లలోకి దిగుతుండగా అతను మళ్లీ అన్నాడు.

"అమ్మీ, ఈడ సారు లేడు గదా. ఎవరూ చెప్పమన్లేదు. నేనాడ చెప్పింది నిజమే. ఆ బండి పోవల్లని చెప్పినా. మీయమ్మను దించుతాడనుకోలేదు."

సుజన అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో అనుమానం మెరిసి ఉంటే బాగుండేది. జాలి ఉంది.

"రెండు దినాల్నుంచి నిద్ర లేదు నీకు" అంది. "నేనే చంపినా, నేనే చంపినా అని నేను గూడా అనుకుంటాండా మామా. ఆ పొద్దు కర్నూలుకు రమ్మంటి, మంత్రాలయం పోతానంటే సరేలే అనేస్తి. పోయినోళ్ల ఎనక అందురూ అట్లనే అనుకుంటారు."

ఊరు దాటాక, గోరీలు కనిపించే చోట పాడెను కిందికి దించారు. దింపుడు కళ్లం. ఇంక ఇక్కడి నుంచి తిరిగి రారు గనుక, పోయినవాళ్ల చెవిలో దగ్గరివాళ్లు పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని.

"మాయమ్మకు అన్నా తమ్ముడూ ఎవురూ లేరు. నువ్వే పిలువు మామా" అంది సుజన.

మద్దిలేటి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేల ప్యాంటులోంచి కాలింది. హులిగెమ్మ మొహం మీద పసుపు ఎండి పగుళ్లిచ్చింది. చెవి దగ్గరికి వంగాడు. ఒకసారి పిలిచాడు. గొంతు రాలేదు, ఊపిరే వచ్చింది. గట్టిగా పిలువప్పా అన్నారు ఎవరో. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచి, అందరూ లేచినా తను లేవకుండా, చెవి ఆమె నోటి దగ్గర పెట్టి అట్లే ఉండిపోయాడు. పాడె మోసేవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, పాపం అనుకుంటూ, ఎండలో నిలబడి అతని కోసం ఆగారు.